వెయ్యెద్దులను నిలబెట్టిన ఊఁ

మహాపురుషుల జీవిత చరిత్రలకు ఒక పద్ధతి ఉంది. పుట్టినప్పుడు ఆకాశంలో ఏదో ఒకటి మెరవాలి. పసితనంలో పాముతోనో ఏనుగుతోనో ఒక ఘట్టం నడవాలి. రూప్లా నాయక్ విషయంలో ఇలాంటివేవీ జరిగిన దాఖలాలు లేవు. పెనుకొండ దగ్గర గుట్టకింద తాండాలో పుట్టాడు. పదో తరగతి రెండో దఫాలో గట్టెక్కాడు. ధర్మవరం డిపోలో కండక్టరై, కదిరి బస్సులో జనాన్ని లోపలికి జరగమని చెప్పీ చెప్పీ, వాళ్ళు జరక్కముందే రిటైరయ్యాడు. అయినా ఆయన చరిత్ర రాయదగినదే. ఎందుకంటే ఆ చుట్టుపక్కల సుగాలి తాండాలన్నిటిలో ఊఁ కొట్టడంలో ఆయనంతటి మొనగాడు లేడు.

దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళు తాండాలో కథ విననివాళ్ళు. ఆ తాండాలో కథ ఇద్దరి పని. ఒకరు చెప్పాలి, ఒకరు ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టాలి. మిగతా జనం నవ్వొచ్చు, ఏడవొచ్చు, శెనక్కాయలు ఒలుచుకోవచ్చు, నిద్రపోవచ్చు. ఊఁ కొట్టేవాడికి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. డ్రైవరు ఎంత ఘనుడైనా కండక్టరు ‘రైట్’ అనందే బండి కదలదు చూడండి, అట్లాగే ఊఁ పడందే కథ తర్వాతి మాటకు పోదు. రాజు వచ్చినప్పుడు కొట్టే ఊఁ వేరు, అడవిలో చీకటి పడ్డప్పుడు కొట్టే ఊఁ వేరు. ఎవరైనా చచ్చిపోయి, చెప్పేవాళ్ళు శోకం ఎత్తుకున్నప్పుడు అసలు ఊఁ ఉండదు. తల దించుకుని కూర్చోవాలి. ఇవన్నీ రూప్లాకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కథ చెప్తుంటే పిల్లల్లో నిద్రపోనిది ఇద్దరే. వాళ్ళలో అక్క సోమ్లీబాయికి కథలు వచ్చాయి. తమ్ముడికి ఊఁ వచ్చింది. పంపకాల్లో అన్యాయం జరిగిందని ఆయన ఎప్పుడూ అనలేదు.

సోమ్లీబాయి తెలుగు చదవదు. కానీ ఆమె అరుగు మీద కూర్చుని, మోచేతుల దాకా తెల్లగాజులున్న చేతిని గాల్లోకి లేపి ‘అనగా అనగా’ అన్నదంటే టీవీలు ఆగిపోయేవి. ఆమె కథల్లోకెల్లా పెద్దది ఉప్పు బిడారు కథ. సముద్రం కాడ ఉప్పు ఎత్తుకుని వెయ్యెద్దుల బిడారు పడమటి కొండలకు నడుస్తుంది. దారిలో కరువు. ఒక బావి కాడ ఆ ఊరి పెద్ద నీళ్ళివ్వనంటాడు. బిడారు నాయకుడి చెల్లెలు దాహంతో ప్రాణం విడుస్తుంది. అక్కడ శోకం. ఆ తర్వాత కథ ఎటు పోతుందో తాండాలో అందరికీ తెలుసు, అందరూ మళ్ళీ వినాల్సిందే.

ఇంత గొప్ప కళాకారుడికి ఒక లోపం ఏర్పడింది. రూప్లా నాయక్ చెవులు పోయాయి. ఒక్కసారిగా కాదు. ఇంజను పక్కన నిలబడి, హారన్ల మధ్య బతికి, నిదానంగా పోయాయి. ఉద్యోగంలో ఉండగా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. చిల్లర అడిగినప్పుడు కండక్టరుకు వినపడకపోవడం ప్రయాణికులకు కొత్తేం కాదు. ముదిగుబ్బకు టికెట్టడిగితే బత్తలపల్లికి ఇచ్చిన సందర్భాలు కొన్ని ఉన్నా, అవి పరాకు కింద జమయ్యాయి.

కానీ అరుగు మీద అక్క ఎదుట? అక్కడే రూప్లా తన తెలివి చూపించాడు. అక్కకు వయసు మీదపడి కొత్తగా ఒక అలవాటు వచ్చింది. ప్రతి మాట చివరా కుడిచెయ్యి పైకెత్తి మోకాలి మీద వేస్తుంది. పాపం ముసలితనం, చేతులు నిలవడం లేదని తమ్ముడు జాలిపడ్డాడు. జాలిపడుతూనే దాన్ని వాడుకున్నాడు. చెయ్యి మోకాలిని తాకగానే ఊఁ. చెయ్యి కదలకుండా ఒళ్ళో ఉంటే శోకమన్నమాట, తల దించుకోవాలి. చిన్నప్పటి నుంచి విన్న కథలే కాబట్టి మిగతాది ఊహ. ఇట్లా ఏళ్ళ తరబడి ఒక్క అక్షరం వినకుండా, ఒక్క ఊఁ తప్పకుండా, అక్కను మోసం చేస్తున్నానన్న చిన్న అపరాధ భావంతో, పెద్ద గర్వంతో ఆయన కాలం గడిపాడు.

ఆయన కూతురు తనూజ హిందూపురంలో తెలుగు టీచరు. తాండా నుంచి తెలుగులో రాసే మొదటి మనిషి. ఆమె అంతకుముందు రాసిన కథలు పత్రికల్లో వచ్చాయి. ఇప్పుడు అత్త కథలన్నీ అత్త చెప్పినట్టే, ఊఁలతో సహా, పుస్తకంగా తెస్తోంది. హిందూపురం ప్రెస్సులో అన్నీ కంపోజయ్యాయి. ఉప్పు బిడారు ఒక్కటే మిగిలింది. దాన్ని పెనుకొండలో పెద్ద సభ పెట్టి, జనం ముందు చెప్పించి, రికార్డు చేసి రాసుకోవాలని ఏర్పాటు. సభ పెట్టింది రాఘవేంద్ర, డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే సారు. మంచి మనిషి. కథలంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, కథ మొదలయ్యే ముందు దాని గురించి చాలాసేపు మాట్లాడకుండా ఉండలేడు.

కల్యాణ మంటపం నిండింది. వేదిక మీద అక్కాతమ్ముళ్ళకు పక్కపక్కన రెండు కుర్చీలు వేశారు, ఇద్దరి ముఖాలూ జనం వైపు. సారు మైకు తీసుకుని, “ఈ మౌఖిక కథల కర్త ఎవరో మనకు తెలియదు. అజ్ఞాత కర్తృకాలు!” అని కళ్ళు మూసుకున్నాడు.

సోమ్లీబాయి, పక్కన రికార్డరుతో నిలబడ్డ మేనకోడలి వైపు వంగింది. “సారు ఏమంటాండాడు పాపా?”

“ఈ కథ చేసినోళ్ళు ఎవురో తెలీదంటాండాడు అత్తా.”

“నేను ఈడే ఉండానే! అడిగితే చెప్పనా?”

తర్వాత సన్మానం జరిగింది. శాలువా కప్పారు, అద్దాల పెట్టెలో జ్ఞాపిక ఇచ్చారు. “జ్ఞాపిక దించొద్దమ్మా, ఫొటోలో పడాల,” అన్నాడు ఫొటోగ్రాఫరు. ఎడమచేత్తో జ్ఞాపిక పట్టుకుంది. కుడిచేతికి మైకు ఇచ్చారు. ఆ విధంగా, ఒక కథకురాలిని గౌరవించడానికి సభలవాళ్ళు చేయగలిగిందంతా చేసి, ఆమె రెండు చేతులూ కట్టేశారు.

కథ మొదలైంది. రూప్లా పక్కకు తిరిగి చూశాడు. అక్క ముఖానికి మైకు అడ్డం. చెయ్యి కదలడం లేదు. ఆయనకు చెమట పట్టింది. అయినా ముప్ఫై ఏళ్ళు కిక్కిరిసిన బస్సు నడిపించిన మనిషి, భయపడడు. అందాజుగా ఊఁ కొట్టడం మొదలుపెట్టాడు. సముద్రం దాకా పర్వాలేదు. ఎద్దుల మీద ఉప్పు ఎత్తేదాకా కూడా పర్వాలేదు. బావి కాడికి వచ్చేసరికి లెక్క తప్పింది. నాయకుడి చెల్లెలు పడిపోయింది, సోమ్లీబాయి శోకం ఎత్తుకుంది, మంటపంలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు రూప్లా నాయక్, బిడారు కొండ ఎక్కుతోందన్న నమ్మకంతో, గొంతు సవరించుకుని, “ఊఁ!” అన్నాడు. జనం ఉలిక్కిపడ్డారు. ఇంకోసారి, “ఊఁ! ఊఁ!” అన్నాడు హుషారుగా.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత మంటపమంతా నవ్వింది. నవ్వులు చూసి రూప్లా కథ రక్తి కట్టిందనుకుని తానూ చిరునవ్వు నవ్వాడు.

సోమ్లీబాయి ఆపేసింది. “ఎద్దులు ఈడే నిలబడినాయి,” అని మైకులో చెప్పి, మైకు కుర్చీలో పెట్టి, జ్ఞాపిక పట్టుకుని మెట్లు దిగింది. అది ముగింపు వాక్యమనుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో ‘ఆకట్టుకున్న కథాగానం’ అని పడింది. రూప్లా దాన్ని భార్య సీతాబాయికి చూపించి, “చూస్తివా? నేను బాగనే కొట్టినా,” అన్నాడు. సీతాబాయి ఏదో అన్నది. ఆయనకు వినపడలేదు.

ఇక్కడ ఒక ధర్మశాస్త్రం చెప్పాలి. కథ సగంలో ఆగితే, ఆ తాండా నమ్మకం ప్రకారం, కథలోని వాళ్ళు ఆగిన చోటే ఉండిపోతారు. వెయ్యెద్దులు, వాటి వీపుల మీద ఉప్పు బస్తాలు, బావి కాడ ఎండలో అట్లాగే నిలబడి ఉన్నాయి. అంత బరువుతో మూగజీవాలను నిలబెట్టి ఇంకో కథకు పోవడం పాపం. అందుకని సోమ్లీబాయి ఉప్పు బిడారు చెప్పదు, వేరే కథా చెప్పదు. కథలన్నీ ఆ ఎద్దుల వెనక వరసగా నిలిచిపోయాయి, రైల్వే గేటు పడ్డ రోడ్డులాగా.

తనూజ వచ్చి బతిమాలింది. “అత్తా, నేను కొడతా ఊఁ. చెప్పు.”

సోమ్లీబాయి రెండు మాటలు చెప్పి ఆగింది. “నువ్వు తలొంచుకొని రాసుకుంటా ఊఁ అంటాండావు పాపా. నీ ఊఁ నాకు కాదు, ఆ కాయితానికి.”

రాఘవేంద్ర సారు తానే తాండాకు వచ్చి అరుగు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఊఁకు బదులు “ఆహా!” అన్నాడు. ఆ తర్వాత “అద్భుతం!” అన్నాడు. సోమ్లీబాయి గౌరవంగా విని, “ఈ సారు కథకు మళ్ళా శాలువా కప్పుతాండాడు,” అని లేచి లోపలికి పోయింది.

తమ్ముడి మీద ఆమె ఒక్క మాట అనలేదు. రూప్లాయే అటు పోవడం మానేశాడు. పక్క వీధే. పెనుకొండకు పోవాలన్నా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయేవాడు. టీ అంగడి నడిపే గోవింద నాయక్ ఊరుకోడు కదా.

“ఏం రూప్లన్నా! ఎద్దులకు రవ్వంత గడ్డైనా వేసి పోకూడదా?” అని చెవి దగ్గర అరిచాడు.

“మైకు బాగలేదప్పా ఆడ,” అన్నాడు రూప్లా.

“మైకు బాగనే ఉండాదన్నా. అందుకే నీ ఊఁ పెనుకొండ కోట దాకా వినపడె!”

రూప్లా టీ సగంలో వదిలేసి లేచాడు. ఆ కోపంలో దారి తప్పించడం మరిచిపోయి అక్క వీధిలోకే నడిచాడు. సాయంత్రం. అరుగు మీద సోమ్లీబాయి చేటలో శెనక్కాయలు పోసుకుని ఒలుస్తోంది. చుట్టూ తాండా పిల్లలు ఎప్పటి మాదిరే చేరారు. ఎవరి నోరూ కదలడం లేదు. అక్క చెయ్యి చేటలోనే ఉంది, పైకి లేవడం లేదు. కాసేపటికి పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చెవులు లేనివాడికైనా ఆ దృశ్యం బాగానే అర్థమవుతుంది. రూప్లా గోడ చాటు నుంచే వెనక్కి తిరిగాడు. ఇంటికి పోయి కూతురికి ఫోను చేసి, ఆమె ఏమంటున్నదో వినపడదు కాబట్టి తాను చెప్పదలిచింది మాత్రం చెప్పి పెట్టేశాడు.

“తనూజమ్మా, రేపు హిందూపురం వస్తాండా. చెవుల డాక్టరుకు చూపీయల్ల.”

హిందూపురంలో డాక్టరమ్మ చిన్నపిల్ల. “ఎప్పట్నించి వినపడటం లేదు పెద్దాయనా?” అని అడిగింది.

“ఊఁ,” అన్నాడు రూప్లా.

“ఒక చెవా, రెండు చెవులా?”

“ఊఁ.”

డాక్టరమ్మ తనూజ వైపు చూసింది. “రెండు చెవులూ అని రాసుకోండి మేడం,” అన్నది తనూజ. “ఊఁ కొట్టడంలో ఆయన ఎక్స్‌పర్టు.”

పరీక్షలయ్యాయి, రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. ఆ క్షణం నుంచి లోకం రూప్లా మీద విరుచుకుపడింది. ఫ్యాను ఇంత రొద చేస్తుందా! తన చెప్పులు ఇట్లా మాట్లాడుతాయా! తిరుగు బస్సులో ఒకామె చిల్లర కోసం నాలుగుసార్లు అడిగింది, కుర్ర కండక్టరు పలకలేదు. “పాపం, ఈ పిల్లోనికీ చెవులు పోయినట్టుండాయి,” అని నిట్టూర్చాడు. ఇంట్లో పొయ్యి దగ్గర సీతాబాయి ఎప్పటి మాదిరే తనలో తాను గొణుక్కుంటోంది. ఇన్నేళ్ళూ ఆమె పాట పాడుకుంటోందనుకున్నాడు. అది పాట కాదనీ, అందులో నాయకుడు తానేననీ ఆ పొద్దు తెలిసింది. చప్పుడు చేయకుండా బయటికొచ్చి అక్క ఇంటికి నడిచాడు. తనూజ వెనకే వచ్చింది.

అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకునేది సుగాలి భాషలోనే. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది.

“అక్కా.”

“చెవులు పెట్టుకొచ్చినావా?”

“నీకెట్ల తెలుసు నాకు చెవులు లేవని?”

“తెలీకనే చెయ్యి ఎత్తి ఎత్తి దించినానా ఇన్నేండ్లు? భుజం పట్టేసె.”

రూప్లా అక్క కుడిచేతి వైపు చూశాడు. ముసలితనపు వణుకు అనుకుని తాను జాలిపడిన ఆ చెయ్యి, తన కోసం లేచిన చెయ్యి. మోసం చేశానని పడిన గర్వమంతా ఒక్కసారి దిగిపోయింది.

“తెలిసుంటే ఒక మాట చెప్పకూడదా అక్కా?”

“చెప్పినారా. నీకు వినపడలే.”

తనూజ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. రూప్లా ఎదురుగా కింద కూర్చున్నాడు. “సభలో తప్పు నాదే. ఎద్దుల్ని విడిపించక్కా,” అన్నాడు.

సోమ్లీబాయి చేట పక్కకు పెట్టింది. పిల్లలకు ఎవరు చెప్పారో, అరుగు నిండింది. పొయ్యి ఆర్పి సీతాబాయీ వచ్చింది. గోవింద నాయక్ కూడా టీ అంగడి వదిలి వచ్చి, తనకేం పట్టనట్టు గోడకానుకున్నాడు. ఆమె ఆగిన చోటే ఎత్తుకుంది. బావి కాడ శోకం. రూప్లా తల దించుకున్నాడు. ఆ గొంతు ఆయన విని ఎన్నాళ్ళయిందో. గుర్తున్న గొంతు కాదు అది. మధ్యలో బాగా అరిగింది, అరిగిన చోటే ఎక్కువ తగులుతోంది. శోకం అయిపోయింది. బిడారు గంట మోగింది. “ఎద్దులు కదిలినాయి,” అన్నది సోమ్లీబాయి. చెయ్యి మోకాలి మీద పడింది.

ఊఁ పడలేదు.

“ఒరే.”

రూప్లా నోరు తెరుచుకుని వింటున్నాడు.

“ఒరే రూప్లా! ఎద్దులు కదిలినాయంటే! నిద్ర పోయినావా?”

“ఊఁ! ఊఁ!” అన్నాడు తడబడి. “బాగ వినపడేసరికి మరిసిపోయినా అక్కా.”

“చెవుల్లేనప్పుడే నయం,” అన్నాడు గోవింద నాయక్ గోడ దగ్గర నుంచి.

కథ సాగింది. రూప్లా ఈసారి జాగ్రత్తగా ఉన్నాడు. అంతలో ఆయన ఎన్నడూ వినని మాట ఒకటి వచ్చింది.

“బిడారు కొసన ఒగడుండాడు. వానికి గంట వినపడదు.”

“...ఊఁ,” అన్నాడు రూప్లా, కొంచెం ఆలస్యంగా.

“గంట విన్నోళ్ళంతా నడిచిరి. వాడు బావి కాడనే ఉండిపాయ. ముందర దుమ్ము లేచినాకనే కదా వానికి తెలిసేది, అందరూ పోయినారని.”

“ఊఁ.”

“దుమ్ము చూసి లేచె. లేచి చూస్తే, బావి గట్టు చాటున ఏముండాది? సచ్చిపోయిన ఆయమ్మ బిడ్డ. ఎవురో తొట్టిల్లో వేసినారని వీళ్ళు, ఎవురో ఎత్తుకున్నారని వాళ్ళు అనుకునిరి. గంట మోగితే ఎవురికి ఎవురు? అందరూ మరిసి పోయిరి. గంట వినపడనోడే మిగిలె బిడ్డకు.”

రూప్లా ఊఁ కొట్టలేదు. ఈసారి ఎవరూ ఆయన్ని గదమాయించలేదు. చుట్టూ చూస్తే పిల్లలకు, సీతాబాయికి, చివరికి గోవింద నాయక్‌కు కూడా ఈ మనిషి కొత్త కాడని వాళ్ళ ముఖాలే చెప్తున్నాయి. ఏళ్ళుగా తాండా అంతా వాణ్ణి ఎరుగు. ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టిన తనకొక్కడికే తెలియదు.

“అమ్మ చెప్పినప్పుడు వీడు లేడే అక్కా,” అన్నాడు మెల్లగా.

“ఉండె. కొసన ఉండె. ఎవురూ తిరిగి చూడలే.”

తనూజ ఎప్పుడో రాయడం ఆపేసి తలెత్తి వింటోంది. “అయితే అత్తా, వీణ్ణి తెచ్చింది నువ్వేనా? పుస్తకంలో అట్లనే రాయల్ల.”

“రాసుకో. పేరు కూడా రాసుకో, సోమ్లీబాయని. మీ సారుకు చెప్పు, వెతుక్కునే పన్లేదని.”

రూప్లా ఇంకా ఆ బావి దగ్గరే ఉన్నాడు. “వానికి ఎద్దు ఉండాదా అక్కా?” అని అడిగాడు.

“యాడిది? నడిచే పోతాడు.”

“బిడ్డ నెత్తుకోని, ఆ ఎండలో, అంత దూరం నడిచేనా? ఒగ ఎద్దియ్యి. ముసిలెద్దైనా సరే.”

“కొసనుండేటోనికి ఎద్దు యాడొస్తాది రా?”

“వెయ్యుండాయి కదా నీ తావ!”

పిల్లలు గొల్లుమన్నారు. సోమ్లీబాయి మాత్రం నవ్వలేదు. కథలో మార్పులు అంత తేలిగ్గా చేసే మనిషి కాదామె. తమ్ముణ్ణి కొసన చేర్చడానికే ఆమెకు ఎన్ని సాయంత్రాలు పట్టాయో ఆమెకే తెలియాలి. బిడారును, ఎండను, బిడ్డను, తమ్ముడి చెవుల్లోని కొత్త మిషన్లను ఒకసారి చూసుకుంది.

“కొంచెం దూరం పోయినాక,” అన్నది, “దారి పక్కన ఒక కుంటెద్దు మేస్తాండాది. మంద నుంచి తప్పిపోయినది.”

చెయ్యి అలవాటుగా లేచి, మోకాలి వైపు రాబోయింది. అది దిగకముందే రూప్లా నాయక్ అన్నాడు.

“ఊఁ.”